మూసీ ఒడ్డున చదువుబల్ల

నగర చరిత్ర ధారావాహిక: 12వ భాగం

పోయిన భాగంలో 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ముంచెత్తిన కథ చెప్పుకున్నాం. ఆ వరద తర్వాతే నగరానికి కొత్త రూపు వచ్చింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు వచ్చాయి. నది గట్ల మీద హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. ఆ వరుసలోనే, నయాపుల్ దాటి అఫ్జల్‌గంజ్‌లో అడుగుపెట్టగానే కనిపించే మరో పెద్ద రాతి కట్టడం ఉంది. నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అది. పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ దాన్ని ఆసఫియా అనే అంటారు.

ఈ భాగంలో చెప్పేది ఆ కట్టడం శిల్పకళ గురించి కాదు. అలాంటి గదుల్లో వేసిన చదువుబల్లల గురించి. సభ పెట్టుకునే హక్కు లేని రాజ్యంలో, పత్రిక నడపడమే సాహసమైన రోజుల్లో, పదిమంది ఒకచోట కూర్చుని ఊరి సంగతి మాట్లాడుకోవడానికి మిగిలిన చోటు చదువుబల్ల ఒక్కటే. హైదరాబాదీలు పౌరులుగా ఉండటం నేర్చుకున్నది అక్కడే. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే ఒక రైలుమార్గం దగ్గర మొదలుపెట్టాలి.

కాగితాలు చూపించండి

1883 ఫిబ్రవరిలో దివాను మొదటి సాలార్‌జంగ్ కన్నుమూశాడు. అప్పటికే చాందా రైల్వే పథకం మీద బేరసారాలు నడుస్తున్నాయి. నిజాం రాజ్యంలోని రైలుమార్గాన్ని చాందా బొగ్గు గనుల దిశగా పొడిగించడం, అందుకు లండన్ పెట్టుబడిదారుల సొమ్ము తేవడం, ఆ సొమ్ముకు వడ్డీ హామీ మన ఖజానా నుంచి ఇవ్వడం. స్థూలంగా పథకం అది. ఖజానా మీద పడే భారం ఎంతో, షరతులు ఏమిటో జనానికి తెలియదు.

అప్పుడు కొందరు చదువుకున్నవాళ్లు ఒక సంఘంగా చేరి అడిగింది ఒక్కటే: ఆ కాగితాలు బయటపెట్టండి, చదివి మా మాట చెప్తాం. వాళ్లలో ముందు నిలిచినవాడు డాక్టర్ అఘోరనాథ్ చటోపాధ్యాయ. ఎడిన్‌బరోలో డాక్టరేటు పొంది వచ్చి, తర్వాత నిజాం కాలేజీ అయిన సంస్థకు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన పండితుడు. సరోజినీ నాయుడి తండ్రి. ఆయనకు తోడు ముల్లా అబ్దుల్ ఖయ్యూం. బెంగాలీ బ్రహ్మసమాజికుడు, హైదరాబాదు ముస్లిం పండితుడు. ఇద్దరూ కలిసి ఇఖ్వానుస్సఫా పేరుతో ఒక చర్చా సమాజం నడిపారు. మతభేదం లేకుండా కూర్చుని మాట్లాడుకునే సోదర సమాజం అది.

కాగితాలు అడిగినందుకు ప్రభుత్వం ఏం చేసింది? అదే ఏడాది మే నెలలో అఘోరనాథ్‌ను కొలువు నుంచి తప్పించి, రాజ్యం సరిహద్దు దాటించింది. తర్వాత ఆయన్ని మళ్లీ రానిచ్చారు. కానీ ఊరికి అందవలసిన పాఠం అందింది. ఇక్కడ ప్రశ్నకు వెల ఉంటుంది.

ఆ పాఠాన్ని ముల్లా అబ్దుల్ ఖయ్యూం మరో రకంగా అర్థం చేసుకున్నాడని నాకనిపిస్తుంది. ప్రశ్నించడానికి ముందు చదవాలి, చదవడానికి పుస్తకం చేతికందాలి. 1888లో అరబీ ప్రాచీన గ్రంథాల ప్రచురణకు దాయిరతుల్ మఆరిఫ్ మొదలైంది. 1891లో కుతుబ్‌ఖానా ఆసఫియా తలుపులు తెరుచుకున్నాయి. రెంటి వెనకా ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీతో పాటు ఈ ముల్లా సాహెబు పట్టుదల కూడా ఉంది. అంతకుముందు మన దగ్గర పుస్తకాలు లేక కాదు. దేవిడీల్లో, దర్గాల్లో, మఠాల్లో గదుల నిండా ఉండేవి. 1870లలో షిబ్లీగంజ్‌లో పుట్టిన జామియా నిజామియాలోనూ ఉండేవి. అయితే వాటికి ఒక యజమానో, ఒక గురువో ఉండేవాడు. ఆయన దయ ఉంటేనే పుస్తకం చేతికొచ్చేది. ఆసఫియా అబిడ్స్‌లో మొదలైనప్పుడు ఆ లెక్క మారింది. ఎవరి దివాణానికీ సలాం కొట్టకుండా లోపలికి వెళ్లి కూర్చోగల చోటు ఒకటి ఏర్పడింది.

శాలిబండలో మరాఠీ అక్షరం

చార్మినారు దాటి దక్షిణంగా నడిస్తే శాలిబండ వస్తుంది. షా అలీ బండ అన్న పేరు నాలుకల మీద అరిగి అలా అయింది. ఆ పేటలో 1895లో భారత గుణవర్ధక సంస్థ పుట్టింది. మరాఠీ గ్రంథాలయం అది. నిజాం రాజ్యంలో మరాఠ్వాడా జిల్లాలు ఉండటం వల్ల ఉద్యోగాలకు, వకీలు వృత్తికి వచ్చిన మరాఠీ కుటుంబాలు పాతబస్తీ పేటల్లో స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లలకు బడిలో దొరికేది ఉర్దూ, ఫార్సీ. 1884లో ఫార్సీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది గాని, ప్రజల భాషలకు ఒరిగిందేమీ లేదు. ఇంటి భాషను నిలుపుకోవాలంటే ఇంటివాళ్లే ఏదో ఒకటి చేసుకోవాలి.

పూణే, బొంబాయిల్లో అప్పుడు వార్తాపత్రికలు ఊళ్లను కుదిపేస్తున్నాయి. ఆ వేడి శాలిబండ దాకా వచ్చే దారి గ్రంథాలయమే. ఇలాంటి చోట్లకు పత్రిక టపాలో ఒకరోజు ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు. ఒక ప్రతి వస్తే చాలు, ఒకరు చదివితే పదిమంది వింటారు. అక్షరం రానివాడు కూడా వింటాడు. విన్నవాడు ప్రశ్న వేస్తాడు. పత్రిక ఎవరి సంచిలోనూ పడి ఇంటికి పోదు, బల్ల మీదే ఉంటుంది. ఒంటరిగా చదివితే అది విద్య. పదిమందిలో చదివితే అది ఊరి సంగతి అవుతుంది.

ఒక నది, రెండు చట్టాలు

ఇప్పుడు మళ్లీ నది దాటుదాం. మూసీకి ఉత్తరాన, నేటి కోఠీ దగ్గర, బ్రిటిష్ రెసిడెన్సీ ఉండేది. దాని చుట్టూ ఉన్న బజార్లను రెసిడెన్సీ బజార్లు అనేవారు. అక్కడ నిజాం పోలీసుల అధికారం చెల్లేది కాదు. 1933లో ఆ ప్రాంతాన్ని నిజాముకు తిరిగి అప్పగించాకే సుల్తాన్ బజార్ అన్న పేరు వచ్చింది. అంతవరకు ఒకే ఊరిలో నదికి ఆ ఒడ్డున ఒక చట్టం, ఈ ఒడ్డున ఒక చట్టం. చార్మినారు నీడలో పెట్టలేని సభను అరగంట నడిచి వెళ్లి రెసిడెన్సీ బజారులో పెట్టుకోవచ్చు.

తెలుగు గ్రంథాలయం పుట్టింది ఆ ఒడ్డునే. 1901 సెప్టెంబరు 1న, రావిచెట్టు రంగారావు ఇంట్లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. ఆయన తన ఇంటినే ఇచ్చాడు. ఆలోచన నడిపించినవాడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. అండగా నిలిచినవాడు మునగాల రాజా నాయని వెంకట రంగారావు. ఆదిపూడి సోమనాథరావు వంటి పండితులు తోడయ్యారు. కొమర్రాజు నాగపూర్‌లో చదువుకున్నవాడు, మరాఠీ బాగా వచ్చినవాడు. మరాఠీవాళ్లు తమ భాషకోసం సంఘాలు కట్టుకుని పనిచేయడం కళ్లారా చూసినవాడు. శాలిబండ సంస్థకూ ఈ నిలయానికీ మధ్య ఆరేళ్ల దూరం. రెండు భాషలవాళ్లు, నదికి రెండు ఒడ్లవాళ్లు, ఒకే మందును కనిపెట్టారు.

పేరులో ఉన్న ఆ ‘భాషా నిలయం’ అన్న మాటను కాస్త ఆగి చూడాలి. గ్రంథాలయం అంటే గ్రంథాలుండే ఇల్లు. భాషా నిలయం అంటే భాష ఉండే ఇల్లు. నిజాం రాజ్యంలో దాదాపు సగంమంది మాట్లాడే భాషకు కచేరీలో చోటులేదు, కోర్టులో చోటులేదు, ఉన్నత పాఠశాలలో బోధన భాషగా చోటులేదు. అలాంటి భాషకు ఒక ఇల్లు కట్టి, తలుపు మీద ఆ పేరు రాశారు. మూడేళ్లకు, 1904లో, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. ఆ నిలయంతో పెరిగిన యువకుడు మాడపాటి హనుమంతరావు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో మళ్లీ కలుస్తాడు.

1906లో కొమర్రాజు, రావిచెట్టు, వాళ్ల మిత్రులు విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టారు. చదువుకోవడానికి తెలుగులో పుస్తకం కావాలి కదా! కథలు, కావ్యాలు ఉన్నాయి. దేశచరిత్రలు, శాస్త్ర గ్రంథాలు, దేశనాయకుల జీవితాలు ఎక్కడ? ఆ కొరత తీర్చడానికి వాళ్లు ముందుగా అచ్చు వేసిన పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఎంపిక చూడండి. రాజుగారి రాజ్యంలో కూర్చుని, పేదింట పుట్టి తనంతట తాను చదువుకుని దేశాధినేత అయినవాడి కథ, బానిసత్వం మీద పోరాడినవాడి కథ. ఆ తర్వాత గ్రంథమండలి మద్రాసుకు తరలిపోయింది గాని, విత్తు మొలిచింది మన ఊళ్లోనే.

బల్ల నేర్పిన పాఠాలు

ఈ నిలయాలు నేర్పింది పుస్తకంలో ఉన్నది ఒక్కటే అనుకుంటే సగం కథే తెలిసినట్టు. మిగతా సగం అవి నడిచిన తీరులో ఉంది.

ఒక గ్రంథాలయం నడవాలంటే ఏం కావాలి? సభ్యులు కావాలి. సభ్యత్వానికి చందా కట్టాలి. చందా కట్టిన ప్రతివాడికీ లెక్క అడిగే హక్కు వస్తుంది. లెక్క రాసే కోశాధికారి కావాలి, ఉత్తరాలు రాసే కార్యదర్శి కావాలి. వాళ్లను ఎన్నుకోవాలి. ఏ పత్రిక తెప్పించాలి, ఏది మానాలి అన్నదాని మీద తగువు వస్తుంది. తగువును కేకలతో తేల్చలేరు, చేతులెత్తి లెక్కపెట్టాలి. ఓడినవాడు అలిగి వెళ్లకుండా మరుసటి ఆదివారం మళ్లీ రావాలి. చందా ఇచ్చిన జమీందారూ, చందా బాకీపడ్డ గుమాస్తా కూడా ఒకే బల్లకు చెరో పక్క కూర్చోవాలి.

శాసనసభ లేని రాజ్యంలో ఇంతకన్నా పెద్ద పాఠశాల ఏముంది? ఓటు అంటే ఏమిటో, లెక్క చెప్పడం అంటే ఏమిటో, ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగడం అంటే ఏమిటో ఈ ఊరివాళ్లు అలా సాధన చేశారు.

దేశంలో మరోచోట గ్రంథాలయం మరో దారిన వచ్చింది. బరోడాలో సయాజీరావు గైక్వాడ్ 1910లో అమెరికా నుంచి నిపుణుణ్ని పిలిపించి ఊరూరా ఉచిత గ్రంథాలయాలు పెట్టించాడు. అమెరికాలో ఆండ్రూ కార్నెగీ సొమ్ముతో 1,600కు పైగా గ్రంథాలయాలు లేచాయి. అక్కడ రాజు ఇచ్చాడు, ధనికుడు ఇచ్చాడు. ఇక్కడ ఆసఫియా ఒక్కదాన్ని పక్కన పెడితే, ఇచ్చింది జనమే. రావిచెట్టు రంగారావు 1910లో చనిపోయాక ఆయన భార్య లక్ష్మీనరసమ్మ నిలయం సొంత భవనానికి విరాళమిచ్చి భర్త మొదలుపెట్టిన పనిని ఆగనివ్వలేదు. జనం కట్టుకున్నది గనకే వాటిలో జనం గొంతు వినిపించింది.

చప్పట్లతో నోరు మూయించిన రాత్రి

1921 నవంబరు. హైదరాబాదులోని వివేకవర్ధిని థియేటరులో సంఘసంస్కరణ సభ జరుగుతోంది. అధ్యక్షుడు స్త్రీవిద్యకు జీవితం ధారపోసిన మహర్షి ధోండో కేశవ్ కర్వే. వక్తలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడారు. సభ విన్నది. అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాడు. సభలో కొందరు ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. ఆయన్ని మాట్లాడనివ్వలేదు.

సంస్కరణ కోసం పెట్టిన సభ. మంచివాళ్లు పెట్టిన సభ. ఆ సభలోనే రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష నవ్వులపాలైంది. తెలుగువాళ్లు బయటికి నడిచారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కూడారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు, ఆదిరాజు వీరభద్రరావు ఆ తరంవాళ్లే. పట్టుమని పన్నెండుమంది లేరు. ఆంధ్రజన సంఘం పుట్టింది. కొత్త సంఘం తన పనుల్లో ముందువరుసలో రాసుకున్నది ఏమిటి? గ్రంథాలయాలు, పఠనమందిరాలు, పాఠశాలలు పెట్టడం. అవమానానికి వాళ్లు ఎంచుకున్న జవాబు బల్లలూ బీరువాలూ.

ఎందుకంటే వేరే జవాబుకు దారిలేదు. 1920లలో ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తరువు పేరు చెబితే జిల్లాల్లో కార్యకర్తలు నిట్టూర్చేవారు. ముందుగా అనుమతి లేనిదే సభ జరపకూడదు అన్నది దాని సారం. ఖాంగీ బడులు అంటే ప్రైవేటు పాఠశాలలు పెట్టాలన్నా అనుమతి కావాలి. అనుమతి కోసం ఉర్దూలో అర్జీ రాయాలి, తాలూకాదారు దగ్గర నిలబడాలి, వారాల తరబడి ఎదురుచూడాలి. గ్రంథాలయాల మీదా అధికారుల అనుమానపు కన్ను పడింది. అయినా, పుస్తకాలు చదువుకుంటున్నాం అనేవాళ్లను ఆపడం సభ పెట్టేవాళ్లను ఆపినంత తేలిక కాదు.

సంఘం చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేసింది. వెట్టిచాకిరి మీద ఒకటి, వర్తకుల హక్కుల మీద ఒకటి, మోతర్ఫా పన్ను మీద ఒకటి. వీటిలో ఆవేశపు మాటలు లేవు. ప్రభుత్వం తానే జారీచేసిన ఉత్తరువులను తెలుగులోకి తెచ్చి, ఇదిగో చట్టం, ఇదీ నీ హక్కు అని చెప్పాయి. వెట్టి చేయించకూడదని సర్కారు కాగితం మీద రాసి ఉందన్న సంగతి ఆ వెట్టి చేస్తున్నవాడికి తెలియదు. ఊరి గ్రంథాలయంలో ఎవరో చదివి వినిపిస్తే తెలిసింది. తెలిసినవాడు మరునాడు పటేలు ముందు నిలబడి, ఇది మీ సర్కారు ఉత్తరువే కదా దొరా, అని అడగగలిగాడు. 1883లో అఘోరనాథ్ అడిగిందీ ఇదే కదా: కాగితాలు చూపించండి. నలభై ఏళ్లకు ఆ ప్రశ్న పట్నం పండితుల నుంచి పల్లె రైతు నోటికి చేరింది. మధ్యలో దాన్ని మోసుకెళ్లింది గ్రంథాలయం.

1930 మార్చిలో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ సభకు ముందు ఎనిమిదేళ్లు ఊళ్లలో బల్లల చుట్టూ సాగిన చదువు లేకపోతే, ఆ పందిట్లో కూర్చునే జనం ఎక్కడి నుంచి వచ్చేవారు?

బల్ల దగ్గరికి రానివ్వనివాళ్లు

ఈ కథలో మెచ్చుకోవలసింది చాలా ఉంది. అందుకే లోపాన్ని కూడా సూటిగా చెప్పాలి. ఆ బల్లల చుట్టూ కూర్చున్నవాళ్లు ఎక్కువగా వకీళ్లు, ఉద్యోగులు, జమీందారుల బిడ్డలు. పై కులాల మగవాళ్లు. అక్షరమే అందని కులాలకు, గడప దాటనివ్వని స్త్రీలకు ఆ గది తలుపు తెరిచి ఉన్నా దూరమే.

ఆ దూరాన్ని తన కాళ్లతో కొలిచినవాడు భాగ్యరెడ్డివర్మ. 1888లో హైదరాబాదులో మాల కుటుంబంలో పుట్టాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, చదువురాని వాడల్లో హరికథలతో జనాన్ని కూడగట్టాడు. బల్ల దగ్గరికి రానివ్వకపోతే, కథ చెప్పే అరుగునే చర్చావేదిక చేసుకున్నాడు. 1910లో ఇసామియా బజారులో బడి తెరిచాడు. పౌరచర్చకు పుస్తకమే మొదటి మెట్టు కానక్కరలేదని, గొంతు కూడా మెట్టేనని ఆయన చూపించాడు.

స్త్రీల విషయంలో మాడపాటి పట్టుబట్టాడు. 1928లో తెలుగు ఆడపిల్లల కోసం ఆయన పాఠశాల నిలబెట్టాడు. జోగిపేట మహాసభతో పాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. బల్ల పొడవు నెమ్మదిగా పెరిగింది. పెరిగిన ప్రతి అంగుళం వెనకా ఎవరో ఒకరు పోట్లాడారు.

అనుమతి నుంచి హక్కుకు

1932 జనవరిలో ఆసఫియా కొత్త భవనానికి మూసీ ఒడ్డున శంకుస్థాపన జరిగింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనకు పాతికేళ్లు నిండిన రజతోత్సవాల సందర్భంగా 1936లో అది ప్రారంభమైంది. అబిడ్స్‌లో మొదలైన కుతుబ్‌ఖానా పాతబస్తీకి ఎదురుగట్టుకు వచ్చింది. చోటు ఎంపిక బాగా కుదిరింది. దక్షిణపు ఒడ్డువాడు వంతెన దాటి వస్తాడు, ఉత్తరపు ఒడ్డువాడు బజారు దాటి వస్తాడు. ఉర్దూ, ఫార్సీ, అరబీ పుస్తకాల పక్కన తెలుగు, మరాఠీ, కన్నడ, హిందీ పుస్తకాలు చేరాయి. ఇప్పుడు అక్కడ సుమారు 5 లక్షల పుస్తకాలున్నాయి.

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. తర్వాత జరిగినది చూస్తే మనసు నిండుతుంది. భాషా నిలయంలో పెరిగి, ఆంధ్రజన సంఘానికి కార్యదర్శిగా అర్జీల మీద అర్జీలు రాసిన మాడపాటి హనుమంతరావు 1951లో హైదరాబాదు తొలి మేయరయ్యాడు. ఆయన పక్కన కూర్చున్న బూర్గుల రామకృష్ణారావు 1952 ఎన్నికల తర్వాత హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యాడు. చందా లెక్కలతో, చేతులెత్తే ఓట్లతో మొదలైన సాధన నగరసభకూ, శాసనసభకూ చేరింది.

ఆ శాసనసభ కాలంలోనే 1955లో హైదరాబాదు ప్రజా గ్రంథాలయాల చట్టం వచ్చింది. మద్రాసు 1948లో చేసిన చట్టం తర్వాత స్వతంత్ర భారతంలో ఇది రెండోది. ఆసఫియా రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం దీనికి కొనసాగింపు. ఆ చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. ఈ సంగతి చాలామంది ఇంటి యజమానులకే తెలియదు. శాలిబండలో చిన్న రేకుల ఇంటికి పన్ను కట్టే ముసలమ్మ కూడా గ్రంథాలయానికి చందాదారే. 1901లో రావిచెట్టు వారింట చందా కట్టినవాడికి లెక్క అడిగే హక్కు ఎలా ఉందో, ఈ అమ్మకూ అలాగే ఉంది.

ఒక ఉదయం

ఈ భాగం రాయడానికి ముందు ఒక ఉదయం అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి ఆసఫియాకు వెళ్లాను. బయట బస్సుల హారన్లు, బండ్ల మీద అరటిపళ్ల కేకలు, ఆసుపత్రికి పరుగెత్తే ఆటోలు. మెట్లెక్కి లోపలికి వెళ్తే ఎత్తైన కప్పు కింద ఆ రొద సద్దుమణిగిపోతుంది. పత్రికల హాలులో పొడవాటి బల్లలు. పేజీలు తిప్పే చప్పుడు తప్ప మరేమీ లేదు.

తెల్లగడ్డం, తెల్లటోపీ ఉన్న పెద్దాయన ఉర్దూ పత్రికను కళ్లకు దగ్గరగా పట్టుకుని చదువుతున్నాడు. ఆయన పక్కన ఇరవై ఏళ్ల కుర్రవాడు తెలుగు పత్రికలో ఉద్యోగ ప్రకటనలు వెతుకుతున్నాడు. కాసేపటికి పెద్దాయన వేలితో తన పత్రికలో ఒక మూల చూపించి మెల్లగా అడిగాడు.

“బేటా, మా నాలా పని సంగతి మీ పేపర్ల ఏమన్న రాసిన్రా?”

కుర్రవాడు పేజీ తిప్పి వెతికాడు. దొరికింది. గొంతు తగ్గించి నాలుగు వాక్యాలు చదివి వినిపించాడు. పెద్దాయన వింటూ తల ఊపాడు. “మా దాంట్ల నెలలో అయిపోతదని రాసిన్రు. మీ దాంట్ల మూడు నెలలంటున్నరు. ఏది నిజం?”

“ఆఫీసుకు పోయి అడగాలె చాచా,” అన్నాడు కుర్రవాడు. “టెండర్ కాగితం చూపియ్యమంటే చూపిస్తరు. సమాచార హక్కు ఉంది కదా.”

“నాకు అర్జీ రాయరాదు.”

“నేన్ రాస్త.”

వెనక బల్ల దగ్గర కూర్చున్న నాకు ఒళ్లు పులకరించింది. కాగితాలు చూపించండి. సరిగ్గా ఆ మాటే. 1883లో ఆ మాట అన్నవాణ్ని సరిహద్దు దాటించారు. ఇప్పుడు పేరు లేని ఒక కుర్రవాడు, తనది కాని పేటలోని మురుగుకాలువ కోసం, తనకు రాని భాషలో పత్రిక చదివే మనిషి తరఫున, ఆ మాటను మామూలు పనిలా అనేశాడు. రెండు భాషల పత్రికలు ఒకే బల్ల మీద ఉండటం వల్లే తేడా బయటపడింది. చాచా తన ఇంట్లో ఉర్దూ పత్రిక చదువుకుని ఉంటే నెల అనుకునేవాడు, కుర్రవాడు తన గదిలో తెలుగు పత్రిక చదివి ఉంటే ఆ వార్తను చూసేవాడే కాదు.

ఇప్పుడు చేయవలసింది

అదే ఆవరణలో వందల మంది యువతీ యువకులు కూర్చుని గ్రూప్స్ పరీక్షలకు, పోలీసు ఉద్యోగాలకు చదువుకుంటున్నారు. పొద్దున వచ్చి చీకటిపడేదాకా ఉంటారు, టిఫిన్ డబ్బాలు తెచ్చుకుంటారు. వాళ్లలో చాలామందికి ఇంట్లో పుస్తకం పరచుకునే చోటు కూడా ఉండదు. వాళ్ల చదువుకు అడ్డు తగలమని ఎవరూ అనరు. అయితే ఆ వందలమంది ఒకే ఆవరణలో ఏడాదంతా కూర్చుని, ఒకరి ఊరి సంగతి ఒకరు వినకుండా వెళ్లిపోతే నష్టం మనందరిదీ. రాజ్యాంగం అధికరణలు బట్టీపడుతున్న పిల్లలు, ఆ రాజ్యాంగం తమ వార్డులో ఎలా నడుస్తోందో వారానికొక గంట మాట్లాడుకుంటే, వాళ్లు రేపు కూర్చోబోయే కుర్చీల్లో మెరుగ్గా కూర్చుంటారు.

దానికి కోట్లు అక్కరలేదు. పాతబస్తీలో ప్రతి శాఖా గ్రంథాలయంలో వారానికి ఒక సాయంత్రం, ఒక బల్ల, ఒక అంశం చాలు. నీళ్లు ఎందుకు రావడం లేదు? మూసీ పక్కన ఇళ్లు కోల్పోయేవాళ్లకు ఏం దక్కాలి? బడిలో తెలుగు టీచరూ, ఉర్దూ టీచరూ ఉన్నారా? వార్డు సభ్యుణ్ని పిలవాలి, ఇంజినీరును పిలవాలి. ఉర్దూలో అడిగినదాన్ని తెలుగులో, తెలుగులో చెప్పినదాన్ని ఉర్దూలో ఎవరైనా ఒకరు వినిపించాలి. ఏం తేలిందో ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. వచ్చే వారం దాన్ని చదివి, ఏమైందని అడగాలి. 1901 నుంచి మన పెద్దలు చేసింది ఇదే. వాళ్లకు అనుమతి లేదు. మనకు ఉంది. వాళ్లు దొంగచాటుగా కాపాడుకున్న గదికి మనం బాహాటంగా పన్ను కడుతున్నాం.

వివేకవర్ధినిలో ఆ సాయంత్రం అల్లంపల్లి వెంకటరామారావు చెప్పదలచుకున్న మాట ఎవరికీ వినబడలేదు. ఆ మాట వినే చోటు ఊరూరా ఉండాలనే ఆయన మిత్రులు ఇన్ని గదులు కట్టారు. మీ పేటలో గ్రంథాలయం ఎక్కడుందో ఈ వారం ఒకసారి వెతకండి. తలుపు తీసే ఉంటుంది. రిజిస్టరులో మీ పేరు రాసి లోపల కూర్చోండి. పక్కనున్న మనిషి ఏం చదువుతున్నాడో అడగండి.

*(వచ్చే భాగంలో: తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు 354 మంది కవుల పేర్లతో జవాబు చెప్పిన 1934 నాటి గోలకొండ కవుల సంచిక కథ.)*